ఆవఘాటు

పెద్దాయన శాలువాలో నాలుగు వాసనలు దొరికాయి. నశ్యం, తడిసిన ఉన్ని, కర్పూరం. నాలుగోది వేయించిన వేరుశెనక్కాయలు. దేశమంతా గంజి తాగి బతికిన యుద్ధపు రోజుల్లో మహానాయకుడు శాలువా చాటున వేరుశెనక్కాయలు ఒలుచుకు తినేవాడన్నమాట.

"అది కొట్టెయ్ తాయారూ," అన్నారు డాక్టర్ సోమయాజులు, కాగితం మీదికి వంగి. "నశ్యం ఉంచు. నశ్యంలో గాంభీర్యం ఉంది. వేరుశెనక్కాయల్లో ఏముంది, పొట్టు తప్ప?"

మంగతాయారు నవ్వి కొట్టేసింది. ఆ ప్రయోగశాలలో ఆయన పెద్ద, ఆమె ఆయన కింద పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషి. వేరుశెనక్కాయల కోసం పోట్లాడుకునేంత పంతం ఇద్దరికీ లేదు.

వాళ్ల యంత్రానికి కాగితాల మీద పేరు గంధయంత్రం. అందరూ పిలిచే పేరు ముక్కాలమ్మ. దాని మూతికి ఎవరో నిమ్మకాయా మిరపకాయలూ కూడా కట్టారు. అది చేసే పని చెప్పడానికి తేలిక, నమ్మడానికి కష్టం. గాలి ఎక్కడ ఆగితే అక్కడ పొర వేస్తుంది. నూనె మీదా వేస్తుంది, లక్క మీదా వేస్తుంది, చెమట పట్టిన బట్ట మీదా వేస్తుంది. ముక్కాలమ్మ ఆ పొరల్ని ఒకటొకటిగా కాల్చి, ఫలానా పూట అక్కడ ఏ గాలి ఉండేదో ఆ గాలినే మళ్లీ తయారుచేసి ఒక గుక్కెడు గొట్టంలోకి వదుల్తుంది. పీలిస్తే హాని ఉండదు, అంత పలచన. కానీ ఒకసారి చదివిన పొర బూడిదే. రెండోసారి చదవడమన్నది లేదు.

ఇంత గొప్ప యంత్రాన్ని ఆ ఏడాది పెద్దాయన సేవకి పెట్టారు. పెద్దాయన అంటే వసంతరాయలు గారు. తీరయుద్ధంలో దేశాన్ని నిలబెట్టిన మనిషి. శత్రువుల పడవలు ఏటి మొగ దగ్గర దిగకుండా తిప్పికొట్టి రేవునగరాన్ని కాపాడిన మనిషి. ఆయన పోయి పాతికేళ్లయినా పెళ్లిపత్రికల మీద వినాయకుడి పక్కన ఆయన బొమ్మ వేస్తారు. శతజయంతికి స్మారకమందిరం కడుతున్నారు. ఒక గదిలోకి వెళ్తే ఆయన పనిచేసిన కచేరీ వాసన రావాలట, ఇంకో గదిలోకి వెళ్తే యుద్ధకాలపు వంటింటి వాసన రావాలట. స్మారక సంఘం వాళ్లు ఆ కాలపు సామాను ఎక్కడెక్కడిదో పోగుచేసి బండ్లతో పంపిస్తున్నారు.

ఆ వంటింటి సామానులోనే వచ్చింది జాడీ. మోకాలెత్తు పింగాణీ జాడీ. మూత చుట్టూ కోర్టువారి లక్క ముద్రలు, మూత మీద వాసెన కట్టిన పాతగుడ్డ. మెడకి వేలాడుతున్న చీటీ మీద ఇలా ఉంది: ఏడో నిదర్శనం. ముద్దాయి ఇంట దొరికిన ఆవకాయ జాడీ. మొగలిమెరక విషాహారం కేసు.

చీటీ చదివాక మంగతాయారు స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ ముద్దాయి ఆమె తండ్రి. ఆ గుడ్డకి ముడి వేసింది ఆమె తల్లి.

*

తండ్రి పేరు వీరాస్వామి. ఒకప్పుడు మొగలిమెరకలో పిండిమర ఆడించేవాడు. కారం, పసుపు, ఆవపిండి. చుట్టుపక్కల పది ఊళ్లలో ఆవపిండంటే వీరాస్వామి మరదే. ఆవాలు అరచేతిలో వేసుకుని ఒక్కసారి వాసన చూసి ఏ మడిలో పండాయో చెప్పేవాడని అనేవారు. ఇప్పుడు కూతురి క్వార్టర్లో, వరండాలో మంచం మీద, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. డాక్టరు పది రోజులన్నాడు. అదీ మొహమాటానికి.

ముప్పై రెండేళ్ల కిందట వైశాఖ బహుళ పంచమినాడు మొగలిమెరకలో ప్రతి ఇంటా కొత్త ఆవకాయ కలుపుతున్నారు. యుద్ధం ఏటి మొగ దాకా వచ్చినా మామిడికాయ ఆగదు కదా. పొద్దున్నే ఘాటు లేచింది. కళ్లు మండాయి, ముక్కులు కారాయి. ఎవరింట్లోనో ఆవాలు కొడుతున్నారనుకున్నారు అందరూ. ఏటా ఉండేదే. పమిటచెంగు ముక్కుకి అడ్డుపెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. ఒక్కరూ ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం వేడన్నంలో కొత్త ఆవకాయ కలుపుకు తిన్నారు. సాయంత్రానికి ఒళ్లంతా పొక్కులు లేచాయి. కళ్లు మూసుకుపోయాయి. నాలుగు రోజుల్లో నూట అరవైమూడు మంది పోయారు. మంగతాయారు తల్లి అచ్చాయమ్మ మూడోరోజున పోయింది.

ఆ పూట వీరాస్వామి ఊళ్లో లేడు. ఎనిమిదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని కల్లుప్పు కొనడానికి సంతకి వెళ్లాడు. అదే అతని కొంప ముంచింది. విషం కలిపినవాడు కాబట్టే పిల్లని తీసుకుని తప్పుకున్నాడన్నారు. ఆవాల్లో అచ్చం వాటిలాగే ఉండే బ్రహ్మదండి విషపు గింజలు కలిశాయని తేల్చారు. కోర్టులో న్యాయమూర్తి అడిగితే వీరాస్వామి చేతులు జోడించి ఉన్నమాట చెప్పేశాడు. "కొత్త వర్తకుడి దగ్గర కొన్న బస్తా అండీ. పని ఒత్తిడిలో జల్లెడ పట్టలేదండీ. నాదే తప్పు." ఇంకేముంది, ఉరిశిక్ష వేశారు. చనుబాలు తప్ప వేరే ఎరగని పసిపిల్లలు కూడా పదకొండు మంది పోయారు. వాళ్లేం ఆవకాయ తిన్నారని కోర్టులో ఎవరూ అడగలేదు.

ఆ ఉరిని పద్నాలుగేళ్ల జైలుగా మార్చింది పెద్దాయన. స్వయంగా సంతకం చేశాడు. ఆ మాట పత్రికలన్నీ రాశాయి, ఆయన దయాగుణానికి సాక్ష్యంగా బడిపిల్లల పాఠంలోకి కూడా ఎక్కింది. తన తండ్రి నేరం మీద వచ్చిన పాఠాన్ని మంగతాయారు నాలుగో తరగతిలో మేనత్త ఇంట్లో కూర్చుని బట్టీ పట్టింది.

"ఇవాళ తిథి ఏంటమ్మా?" అన్నాడు వీరాస్వామి, కూతురు చెప్పులు విడవకముందే.

"పాడ్యమి నాన్నా."

"ఇంకా నాలుగు రోజులుందన్నమాట. ఆ పెద్దాయన చలవ వల్ల ఇంతకాలం బతికేను. ఆ నాలుగు రోజులు కూడా గెంటేస్తే ఊరెళ్లి వచ్చేద్దాం."

మొగలిమెరకలో ఊరంతటికీ ఒకటే తద్దినం. జైలునుంచి వచ్చిన ఏడాది మొదలు ఏటా ఆ పంచమినాడు వీరాస్వామి వెళ్లి, చావు చూసిన ప్రతి ఇంటి గడప ముందూ మోకరిల్లి, "నాదే తప్పు, క్షమించండి," అంటాడు. మొదట్లో కొట్టారు. తర్వాత ఉమ్మేశారు. ఆ తర్వాత తలుపులు వేసుకునేవారు. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న నూకాలమ్మ నిరుడు మొదటిసారి తలుపు తీసి, చెంబుడు మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ కథ వీరాస్వామి ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు.

"ఈ ఒంటితో నువ్వు రాలేవు నాన్నా."

"రాకపోతే ఎలాగే? నేను చంపిన మనుషులకి నువ్వు వెళ్లి దణ్ణం పెడతావా?"

మంగతాయారు చెప్పులు విడిచింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏడిచింది.

*

మర్నాడు జాడీ మీది గుడ్డ ముడి విప్పింది. నిజం చెప్పాలంటే ఆమెకి నిజం తెలుసుకోవాలని లేదు. బ్రహ్మదండి ఎంత ఉందో అంకె చూడాలని అసలే లేదు. కానీ వంటింటి గదికి ఆవకాయ వాసన కావాలని స్మారక సంఘం అడిగింది. ఆ జాడీని ఇంకొకరి చేతికి వదలడం ఆమె వల్ల కాలేదు. మూత మీది ముద్రలు కదల్చకుండా గుడ్డముక్క మాత్రం యంత్రంలో పెట్టింది.

కాగితం బయటికి వచ్చింది. పప్పునూనె, మామిడి జీడి, ఎండు కారం. ఆవాలు. బ్రహ్మదండికి ఎదురుగా సున్నా ఉంది.

ఆమె మళ్లీ చూసింది. సున్నాయే. దాని కింద ఇంకో గీత ఉంది. అది కాగితం అంచు దాటి పోయింది. దాని ఎదురుగా యంత్రం ఒక పేరు రాసింది. అది వంటింటి పేరు కాదు. యుద్ధవాయువుల పట్టికలోది.

గొట్టంలోకి వచ్చిన గుక్కెడు గాలిని మంగతాయారు పీల్చింది. ఆవఘాటు లాంటిదే, కానీ దాని వెనక మాడిన వెల్లుల్లి వాసన లాంటిదేదో నాలిక వెనక్కి జిగురుగా అంటుకుంది. ఆ ఊళ్లో ఆవకాయ కలుపుతున్న ఏ ఆడమనిషి అయినా ఇది ఆవపిండే అనుకుంటుంది. అనుకున్నారు కూడా. ఇంకే నెలలో వచ్చినా జనం ఇదేం వాసనని పరిగెత్తి ఉండేవాళ్లు. ఆవకాయ రోజుల్లో వచ్చింది కాబట్టి కూర్చుని పీల్చారు.

మిగతాది ఆమెకి గంటలో తెలిసిపోయింది. తెలియనిదేం కాదు, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడనిది. పెద్దాయన యుద్ధమంత్రికి రాసిన చీటీ ఒకటుంది. చరిత్రకారులు ఇరవై ఏళ్లుగా దాని మీద కొట్టుకుంటున్నారు. "నిప్పుతో చంపొచ్చు, నీళ్లలో ముంచి చంపొచ్చు. పంచభూతాల్లో గాలి ఒక్కదానికే మడి కట్టడమేమిటి? విషవాయువుకి నేను సుముఖమే." చీటీ అబద్ధమని ఎవరూ అనరు. అభిమానులు అనేదల్లా ఒకటే: ఆయన అనుకున్నాడంతే, వాడలేదు. శత్రువులు ఫిరంగులకి బెదిరి పారిపోయారు.

ఆ ఫిరంగులు పేలింది వైశాఖ బహుళ పంచమి తెల్లవారాక. వేసవిలో తెల్లవారుజామున నేలగాలి సముద్రం మీదికి పోతుంది, పొద్దెక్కితే గాలి తిరిగి ఊళ్ల మీదికొస్తుంది. ఇది ఏటి మొగలో వల వేసే ఏ బెస్తవాడినడిగినా చెబుతాడు. పెద్దాయన దళం బెస్తవాణ్ని అడగలేదు. విషవాయువు నింపిన గుళ్లని గంట ఆలస్యంగా పేల్చింది.

ఆ విషంలో గంధకం ఉంటుంది. ఆవాల్లోనూ ఉంటుంది. ఊళ్లో జాడీలన్నిటినీ పరీక్షించి అప్పటి నిపుణులు గంధకం చూసి ఆవాలన్నారు. నిపుణులు నిజంగానే పొరపడ్డారో, పొరపడమని చెబితే పడ్డారో ఏ యంత్రమూ చెప్పలేదు. ఉరిని జైలుగా మార్చిన చేయికి మాత్రం తెలుసు. తెలిసే కదా అంత దయ పుట్టింది!

మంగతాయారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కోపమో దుఃఖమో ఆమెకే తెలియలేదు. నాన్న చంపలేదు, నాన్న చంపలేదు అని మాత్రం పైకే అంటోంది.

*

సోమయాజులు కాగితాన్ని మూడుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గుడ్డ చెల్లదు," అన్నారు చివరికి. "ముప్పై రెండేళ్లుగా పదిమంది చేతులు పడ్డ గుడ్డ. నీ చెయ్యి కూడా పడింది. ముద్దాయి కూతురివి."

"లోపల నూనె ఉంది కదండీ. ముద్ర చెక్కుచెదరలేదు. జాడీ ఊపి చూశాను, అడుగున గరిటెడే మిగిలింది. ఒక్క చదువుకి సరిపోతుంది. మీరు సాక్షిగా కూర్చుని సంతకం పెట్టండి. ఇవాళే చదివేద్దాం."

ఆయన మంచివాడే. మంగతాయారుకి జ్వరమొస్తే భార్యచేత చారు పంపించిన మనిషి.

"ఆ రోజు ఒడ్డున మా తమ్ముడున్నాడు తాయారూ," అన్నారు. "పద్దెనిమిదేళ్లు వాడికి. ఆ పడవలు దిగి ఉంటే వాడు తిరిగొచ్చేవాడు కాదు. ఈ ఊళ్లో నాలుగు లక్షల మంది ఉండేవాళ్లం. మేమందరం ఆయన పెట్టిన భిక్షే."

"మా అమ్మ పెట్టిన భిక్ష కూడానండి."

సోమయాజులు తలదించుకున్నారు. "కాదనను."

"అయితే సంతకం పెట్టండి."

"ఇప్పుడు పెడితే ఈ యంత్రాన్ని పగలగొట్టేస్తారు. నిన్నూ నన్నూ కలిపి. రోడ్డు మీద జనం ఎలా ఉన్నారో చూస్తున్నావుగా, ప్రతి కూడలిలో పందిళ్లే. ఒక్క మాట విను. ఆ జాడీని మందిరానికి పంపకుండా ఆపడం నావల్ల అవుతుంది. సామాను గదిలో వెనకాల పెట్టిస్తాను, ముద్ర తియ్యకుండా. శతజయంతి గడవనీ. ఆర్నెల్లలో రిటైరవుతున్నాను. ఆ మర్నాడు నేనే న్యాయమూర్తి దగ్గరికి తీసుకెళ్లి, ఆయన ముందు చదివించి, సంతకం పెడతాను. మా తమ్ముడి మీద ఒట్టు."

"ఆర్నెల్లా!" అంది మంగతాయారు. "నాన్నకి పది రోజులు కూడా లేవండీ."

"ఇంటికెళ్లి చెప్పు. కూతురు చెబితే నమ్మడా?"

చెప్పింది. ఆ సాయంత్రమే మంచం పక్కన నేలమీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. వీరాస్వామి శ్రద్ధగా విన్నాడు. తర్వాత గొట్టం సవరించుకుని ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"పిచ్చితల్లీ. చచ్చిపోతున్నానని జాలిపడి అల్లేవు కదూ?"

"కాదు నాన్నా, కాగితం చూడు."

"కాగితాలు నాకేం తెలుస్తాయే? నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ బస్తా నేను జల్లెడ పట్టలేదు. మీ అమ్మ చెప్పింది కూడాను, పట్టండీ అని. మీ అమ్మ చెప్పినా వినలేదు." అతని కళ్లవెంట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. "ఆయన మీద నింద వేసి నన్ను కడగొద్దే. ఆయన ప్రాణం పెట్టేడు నాకు."

ఆ రాత్రి అతనికి ఆయాసం ఎక్కువైంది. రెండురోజులు గడవడమే కష్టమన్నాడు డాక్టరు. మధ్యమధ్య మగతలో వీరాస్వామి భార్యతో మాట్లాడుతున్నాడు. "పడతానే, ఇప్పుడే పడతాను, కోప్పడకు," అంటున్నాడు. ముప్పై రెండేళ్లుగా పట్టని జల్లెడ చావుపడకలో పడుతున్నాడు. చూస్తూ చూస్తూ ఏ కూతురు ఊరుకుంటుంది?

*

తదియనాడు ఆదివారమైంది. ప్రయోగశాలలో ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం ఆటోలో తండ్రిని తీసుకొచ్చి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ముక్కాలమ్మ ముందు ఆపింది. సామాను గదిలోంచి జాడీ తెచ్చింది. లక్క ముద్ర మీద కత్తి మొన పెట్టినప్పుడు ఆమె చెయ్యి ఆగింది.

ఇది తీస్తే ఇక సాక్ష్యం లేదు. సోమయాజులు ఒట్టుకి అర్థం లేదు. నూట అరవైమూడు మంది ఎలా పోయారో చెప్పగలిగింది ప్రపంచంలో ఈ గరిటెడు నూనె ఒక్కటే. అది తెలిసే, కుర్చీలో మెడ వాల్చిన తండ్రిని ఇంకోసారి చూసి, ముద్ర చీల్చేసింది.

నూనె నల్లగా, జిగటగా వచ్చింది. చివరి బొట్టుదాకా యంత్రంలో పోసింది. ఆక్సిజన్ గొట్టం తీసి ముక్కాలమ్మ గొట్టం తండ్రి ముక్కుకి పెట్టింది.

"వాసన చూడు నాన్నా. ఏంటో చెప్పు."

వీరాస్వామి కళ్లు మూసుకునే పీల్చాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత అతని వేళ్లు కదిలాయి, బొటనవేలు మిగతా వేళ్ల మీద రాస్తూ, పిండి మెత్తదనం చూస్తున్నట్టు.

"నా ఆవాలే," అన్నాడు. "ఇసకమడి ఆవాలు." ఇంకోసారి పీల్చాడు. కళ్లు తెరిచాడు. "శుభ్రంగా ఉన్నాయే!"

"ఊఁ."

"బ్రహ్మదండి లేదే తాయారూ! ఒక్క గింజ లేదు. ఉంటే నాకు తెలీదా? మంచి ఆవాలే అవి. మంచి ఆవాలే..." అంటూ కుర్చీ చెయ్యి పట్టుకుని ఊగిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "చూసేవటే అచ్చాయమ్మా, జల్లెడ పట్టకపోయినా ఏం కాలేదు!"

మంగతాయారు అతని మోకాళ్ల మీద తలపెట్టి భోరుమంది. ఆ ఒక్క నిమిషం ఆమెకి ఏ పశ్చాత్తాపమూ లేదు.

ఆ తర్వాత వీరాస్వామి ముక్కు చిట్లించాడు. "దీని మీద ఇంకోటుంది. ఘాటే గానీ ఆవఘాటు కాదు. ఆవఘాటు నెత్తికెక్కి దిగిపోద్ది. ఇది దిగట్లేదు. నువ్వు చెప్పిన గాలి ఇదేనా?"

"ఇదే."

"ఇది ఆయన పంపిందేనా?"

"అవును నాన్నా."

"నా ఉరి తప్పించినప్పుడు ఆయనకి తెలుసా?"

"తెలుసు."

గొట్టంలో గాలి అయిపోయింది. ఆమె ఆక్సిజన్ మళ్లీ పెట్టింది. అతను గోడకేసి చూశాడు. మొహంలో కోపమేం కనబడలేదు. ఏదో కూడబలుక్కుంటున్నాడు.

"ఊళ్లోవాళ్లు ముక్కులు మూసుకుని కూర్చున్నారు, నా పిండే అనుకుని," అన్నాడు. "నామీద నమ్మకంతో కూర్చున్నారే వాళ్లు. సరే, పంచమికి ఈ యంత్రాన్ని ఊరు పట్టుకెళ్లగలమా? వాళ్లందరి చేతా వాసన చూపించాలి. నూకాలక్క చేత ముందు చూపించాలి."

మంగతాయారు ఖాళీ జాడీ మీద మూత పెట్టింది.

"ఆ నూనె ఇంకా ఉంది కదూ?"

"లేదు నాన్నా. అంతే ఉంది. చదివితే కాలిపోతుంది."

వీరాస్వామి ఆమె మొహంలోకి చూశాడు. మసకబారిన ఆ కళ్లు అంత నిలకడగా చూడడం ఆమె చాలా రోజులుగా ఎరగదు.

"అంతా నా ఒక్కడికే పెట్టేసేవా?" అన్నాడు మెల్లిగా. "ఎంత పని చేసేవే!"

*

రెండురోజులన్న డాక్టరు మాట తప్పింది. నిజం తెలిశాక మనిషి తేలిగ్గా పోతాడనుకుంది మంగతాయారు. అతను పోలేదు. పంటి బిగువున పంచమి దాకా నిలబడ్డాడు. సోమయాజులుకి ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ఖాళీ జాడీ చూసి, "నేను ఆ రోజే సంతకం పెట్టాల్సింది," అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

పంచమి పొద్దున వ్యానులో మొగలిమెరక చేరారు. ప్రతి ఇంటి ముందూ అలికిన అరుగులు, పిండాలకి కాచుకున్న కాకులు. చక్రాల కుర్చీ ఇసకలో దిగబడుతుంటే మంగతాయారు తోసుకుంటూ తీసుకెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు. ముప్పై రెండేళ్లు ఏ పగకైనా చాలా ఎక్కువ. ఒకరిద్దరు దారి కూడా ఇచ్చారు.

నూకాలమ్మ గుమ్మంలోనే ఉంది. ఎనభై దాటిన ముసలిది. ఆ విషం కళ్లని మింగేయగా మిగిలిన మసకచూపుతో కుర్చీని పోల్చుకుంది. చేతిలో అప్పటికే మజ్జిగ చెంబుంది.

"వచ్చేవా వీరాసామీ. ఇలాగైపోయేవేంట్రా? ఒంగొద్దులే. అక్కడే ఉండు, నేనే వస్తాను."

"ఒంగడానికి రాలేదు నూకాలక్కా," అన్నాడు వీరాస్వామి. ఒక్కో మాటకీ ఊపిరి ఆగి వస్తోంది. "ఓ మాట చెప్పడానికొచ్చేను. నీ పిల్లల్ని చంపింది నేను కాదు. నా ఆవాలు మంచివే. ఆ ఘాటు మనది కాదక్కా. పెద్దాయన పంపిన విషంగాలి అది."

నూకాలమ్మ నిలబడిపోయింది.

"ఏంటీ?"

"నేను కాదక్కా."

"ఎవరు చెప్పేరు?"

"నేను చూసేను. వాసన చూసేను. మా అమ్మాయి దగ్గర యంత్రం ఉంది."

ముసలామె మంగతాయారు వైపు తిరిగింది. "ఏదమ్మా? చూపించు."

మంగతాయారు రెండు చేతులూ కుర్చీ వెనక పిడి మీదే ఉన్నాయి. "అయిపోయిందండీ," అంది. తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది. "ఒకసారికే ఉంది. నాన్నకి చూపించేశాను."

అరుగు మీదున్న మగవాళ్లలో ఒకడు నేల మీద ఉమ్మేసి, పెద్దాయన పేరెత్తడానికి నోరెలా వచ్చిందన్నాడు. నూకాలమ్మ వాణ్ని చేత్తో వారించింది.

"పద్దెనిమిదేళ్లు వచ్చేవు, తప్పు నాదే అన్నావు," అంది వీరాస్వామితో. "నా కొడుకులు పోయినా, తప్పొప్పుకునే మనిషి ఒకడున్నాడు కదా అనుకున్నాను. దానికే నిరుడు తలుపు తీసేను. చచ్చేముందు అది కూడా లాగేసుకుంటావేంట్రా?"

"నిజమక్కా."

"పో."

చెంబుతోనే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

మంగతాయారు వంగి తండ్రి చెవిలో, "ఇంక ఇంటికెళ్లిపోదాం నాన్నా," అంది. అతని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలు నీలంగా తిరుగుతున్నాయి. సిలిండరు ముల్లు చివరి గీత మీదికి దిగింది. ఇప్పుడే వెనక్కి తిరిగితే వ్యాను దాకా చేరొచ్చు. ఇంకోటి మార్చొచ్చు.

వీరాస్వామి తల అడ్డంగా ఊపాడు. వేలు ఎత్తి ముందుకి చూపించాడు.

"పక్కింటికి పదమ్మా," అన్నాడు.